4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఎవరిది?

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ల కాళ్ల దగ్గర చిన్న చిన్న డబ్బాలు వరసగా పరిచి ఉంటాయి. వాటిని పెడల్స్ అంటారు. కాలితో నొక్కగానే గిటార్ శబ్దం మారిపోతుంది. ఆ వరసలో ఆకుపచ్చ డబ్బా ఒకటి కనిపిస్తే అది ట్యూబ్ స్క్రీమరో, దాని నకలో అయి ఉండే అవకాశం ఎక్కువ. సుసుము తమురా అనే జపాన్ ఇంజనీరు దాని సర్క్యూట్ రూపొందించాడు. మాక్సన్ పేరుతో సరుకు అమ్మే నిషిన్ ఓంపా సంస్థ తయారుచేసి ఇస్తే, ఐబనెజ్ కంపెనీ తన పేరు వేసి 1979లో టీఎస్808గా బజారులోకి తెచ్చింది. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ వాడాక ఆ డబ్బాకు ఎక్కడలేని పేరు వచ్చింది.

ఇప్పుడు దాదాపు అదే సర్క్యూట్‌ను బెరింజర్ కంపెనీ టీఓ800 పేరుతో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఐబనెజ్ టీఎస్808 ధరలో నాలుగోవంతుకో ఇంకా తక్కువకో అమ్ముతోంది. చైనా కంపెనీ జోయో వింటేజ్ ఓవర్‌డ్రైవ్ అని మరొకటి చేస్తోంది. ఇంకోవైపు అమెరికాలో, యూరప్‌లో ఒకరిద్దరు మనుషులు నడిపే చిన్న వర్క్‌షాపులు ఇదే సర్క్యూట్‌ను కొద్దిగా మార్చి, అసలు దానికన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నాయి. చవగ్గా చేసినవాణ్ణి దొంగ అంటున్నాం. ఖరీదుగా చేసినవాణ్ణి కళాకారుడు అంటున్నాం. ఈ తీర్పు నాకు ఎంతకాలంగానో మింగుడుపడటం లేదు. నకలు చేసినవాడు తీసుకున్నదేమిటో తెలిస్తే గానీ తప్పొప్పులు తేల్చలేం. అందుకని ముందు డబ్బా విప్పుదాం.

గిటార్ తీగ కంపించినప్పుడు దాని కింద అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగితీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. మామూలుగా మీటితే అది వోల్టులో పదోవంతు ఉంటుంది, గట్టిగా మీటితే ఇంకొంచెం ఎక్కువ. ట్యూబ్ స్క్రీమర్‌లో ఈ సిగ్నల్ ఆప్-ఆంప్ అనే చిప్‌లోకి వెళుతుంది. సిగ్నల్‌ను పెంచడం దాని పని. ఎన్ని రెట్లు పెంచాలన్నది మాత్రం చిప్ చేతిలో ఉండదు, దాని చుట్టూ పెట్టిన రెండు రెసిస్టర్ల నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఇక్కడ ఒకటి 4.7 కిలో ఓమ్‌లు. రెండోవైపు 51 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరసలో డ్రైవ్ అనే నాబ్ వెనక ఉండే 500 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్. నాబ్ పూర్తిగా తగ్గిస్తే సిగ్నల్ సుమారు 12 రెట్లు పెరుగుతుంది, పూర్తిగా తిప్పితే 118 రెట్లు.

ఆ లెక్కన పదోవంతు వోల్టు దాదాపు 12 వోల్టులు కావాలి. కానివ్వకుండా రెండు డయోడ్లు అడ్డుపడతాయి. సిలికాన్ డయోడ్ మీద వోల్టేజి సుమారు 0.6 దగ్గరకు వచ్చేసరికి అది కరెంటును తనగుండా వదిలేయడం మొదలుపెడుతుంది. దాంతో పెంపు అక్కడ ఆగుతుంది. ఒక డయోడ్ తరంగం పైభాగాన్ని, దానికి ఎదురుగా తిప్పి పెట్టిన రెండోది కిందిభాగాన్ని చదును చేస్తాయి. దీన్ని క్లిప్పింగ్ అంటారు. డయోడ్లు ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్ దారిలోనే ఉన్నాయి కాబట్టి, మొదట వచ్చిన శుభ్రమైన సిగ్నల్ ఈ చదునైన తరంగంతో కలిసి బయటికి వస్తుంది. చెవికి కరుకుగా కాక మెత్తగా వినిపించడానికి అదొక కారణం.

చదునైన తరంగంలో అంతకుముందు లేని స్వరాలు పుడతాయి. గిటార్‌లో ఐదో తీగను ఖాళీగా మీటితే 110 హెర్ట్జ్ పలుకుతుంది. రెండువైపులా సమానంగా చదును చేస్తే కొత్తగా బలం పుంజుకునేవి బేసి గుణిజాలు: 330, 550, 770. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ చదును చేస్తే 220, 440 లాంటి సరి గుణిజాలూ చేరతాయి. టీఎస్808 కన్నా రెండేళ్ల ముందు, 1977లో, రోలాండ్ వాళ్ల బాస్ విభాగం ఓడీ-1 అనే పెడల్ తెచ్చింది. అందులో ఒకవైపు రెండు డయోడ్లు, ఇంకోవైపు ఒకటి. మిగతా ఏర్పాటు చాలావరకు ఇలాంటిదే: ఆప్-ఆంప్, ఫీడ్‌బ్యాక్‌లో డయోడ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని అవసరం పడుతుంది.

రెండు తీగలు ఒకేసారి మీటితే కథ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. షడ్జమం 110 దగ్గర, పంచమం దాదాపు 165 దగ్గర అనుకోండి. క్లిప్పింగ్ ఈ రెండిటి గుణిజాలను కూడి, తీసివేసి కొత్త స్వరాలు పుట్టిస్తుంది. 110కి రెట్టింపులోంచి 165 తీసేస్తే 55. 165కి రెట్టింపులోంచి 110 తీసేస్తే 220. అంటే షడ్జమానికి కింది స్థాయిలో ఒక షడ్జమం, పై స్థాయిలో ఒక షడ్జమం వాటంతట అవే వచ్చి చేరతాయి. రాక్ సంగీతంలో రెండు తీగల మీద వాయించే పవర్ కార్డ్ అంత గంభీరంగా ఉండేది ఇందుకే. అదే షడ్జమానికి తోడుగా అంతర గాంధారం వాయిస్తే, గిటార్ మెట్ల మీద అది 138.6 హెర్ట్జ్. ఇప్పుడు పుట్టేవి 81.4, 167.2. ఇవి షడ్జమంతోనూ పొసగవు, గాంధారంతోనూ పొసగవు. గజిబిజి అవుతుంది. హెవీ మెటల్ వాయించేవాళ్లు గాంధారాన్ని దూరంగా ఉంచడానికి డయోడ్ల భౌతికశాస్త్రం కూడా ఒక కారణమన్నమాట.

ఇక 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దగ్గరికి వద్దాం. దానికి వరసలో 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉంది. ఈ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర ఒక గీత గీస్తాయి. ఆ గీతకు పైనున్న స్వరాలకు పూర్తి పెంపు దక్కుతుంది. కిందికి పోయేకొద్దీ పెంపు తగ్గిపోతుంది. గిటార్‌లో అన్నిటికన్నా మందమైన ఆరో తీగ 82 హెర్ట్జ్ పలుకుతుంది. దానికి దక్కేది పూర్తి పెంపులో సుమారు తొమ్మిదోవంతే. మంద్ర స్వరాల్లో బలం ఎక్కువ. వాటిని అలాగే పెంచితే డయోడ్లను ముందుగా అవే తాకి, పై స్వరాలన్నిటినీ తమతోపాటు బురదలోకి లాగుతాయి. క్లిప్పింగ్ అయ్యాక ఒక కిలో ఓమ్ రెసిస్టర్, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ మళ్లీ 720 ప్రాంతం నుంచే పైకి కోత మొదలుపెడతాయి. కింద తగ్గింపు, పైన కోత; మధ్యలో ఒక మూపురం మిగులుతుంది. బృందంలో కింది భాగాన్ని బాస్ గిటార్, పెద్ద డ్రమ్ము ఆక్రమిస్తాయి, పై భాగాన్ని తాళాలు. గిటార్‌కు మిగిలే చోటు సరిగ్గా ఆ మధ్యే. ఒంటరిగా వింటే ట్యూబ్ స్క్రీమర్ ముక్కుతో పలికినట్టుంటుంది. నలుగురి మధ్య వాయించినప్పుడు గిటార్ మాట స్పష్టంగా వినబడుతుంది.

ఈ విలువలన్నీ లెక్కగట్టగల సూత్రాలు ఏ ఎలక్ట్రానిక్స్ పాఠ్యపుస్తకంలోనైనా ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ లేనిది ఒకటుంది: గీత 720 దగ్గరే ఎందుకు గీయాలి? 500 దగ్గర గీస్తే ఏం? వెయ్యి దగ్గర గీస్తే? సూత్రానికి అన్నీ సమ్మతమే. ఎక్కడ ఆగాలో చెప్పగలిగింది చెవి ఒక్కటే. ఓపిగ్గా రెసిస్టర్లు మార్చి మార్చి విని, ఇదీ అని నిర్ణయించడం రూపకర్త చేసే అసలు పని. సర్క్యూట్ బొమ్మ చాలామందికి ఉమ్మడి ఆస్తి. విలువల ఎంపిక ఒక్కటే అతని సొంతం.

నకలు చేయడానికి అన్నిటికన్నా తేలికైనదీ అదే. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒంటిమీద పసుపు, ఊదా, ఎరుపు చారలు ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఎవడైనా చూసి చెప్పేస్తాడు. కెపాసిటర్ మీద అంకెలే రాసి ఉంటాయి. సందేహం వస్తే మీటరు పెట్టి కొలవొచ్చు. నాలుగు స్క్రూలు విప్పి, బోర్డు రెండువైపులా ఫొటో తీసుకుంటే చాలు, ఒక్క పూటలో సర్క్యూట్ మొత్తం కాగితం మీదికి వచ్చేస్తుంది. నెలల తరబడి విన్న చెవి శ్రమ అంతా రంగుచారలుగా పైకే కనిపిస్తూ ఉంటుంది. ఈ రంగంలో నైతిక చిక్కు మొత్తం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

అసలుకూ నకలుకూ వినికిడిలో తేడా ఎంత? ఫ్యాక్టరీలో వాడే మామూలు రెసిస్టర్ విలువ 5 శాతం అటూఇటూ ఉండొచ్చు. కెపాసిటర్‌కు 10 శాతం అనుకుందాం. రెండూ ఒకేవైపు తప్పితే 720 హెర్ట్జ్ గీత 620 దగ్గర పడొచ్చు, 840 దగ్గరా పడొచ్చు. పొటెన్షియోమీటర్లలో 20 శాతం తేడా మామూలే. అందువల్ల ఒకే రోజు ఒకే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రెండు అసలు పెడల్స్ మధ్య ఉన్న తేడా, వాటిలో ఒకదానికీ నకలుకూ మధ్య ఉన్న తేడాకన్నా ఎక్కువ కావచ్చు. పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. రెంటిలో ఒకటి కొద్దిగా గట్టిగా పలికితే మన చెవి దాన్నే మెరుగైనదని ఒప్పేసుకుంటుంది. శబ్దం పెరిగేకొద్దీ మంద్ర, తార స్వరాలు నిండుగా వినబడతాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ధ్వని మట్టాలు సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వింటే తప్ప ఎవరి తీర్పూ నమ్మదగింది కాదు.

పాత ట్యూబ్ స్క్రీమర్ల రహస్యమంతా జేఆర్‌సీ4558డీ అనే చిప్‌లో ఉందని నమ్మి దానికోసం వెతికేవాళ్లున్నారు. ఆ చిప్ చరిత్ర చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 4558ను మొదట తెచ్చింది అమెరికాలోని రేథియాన్ కంపెనీ. తరవాత జపాన్‌లోని న్యూ జపాన్ రేడియో, అమెరికాలోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఇంకా ఎందరో అదే కాళ్ల అమరికతో, అదే పనిచేసేలా తమ తమ చిప్‌లు చేశారు. తొలినాటి టీఎస్808ల్లో కొన్నిటిలో టెక్సాస్ చిప్ ఉంటుంది. భక్తులు మహిమ ఆపాదించే జేఆర్‌సీ చిప్, పుట్టుక రీత్యా ఇంకొకరి చిప్‌కు ప్రతిరూపమే. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి 4558 ఐసీ కావాలంటే కొద్ది రూపాయలకు తీసిస్తారు. అక్కడ దాన్ని గిటార్ కోసం ఎవరూ అడగరు. మన ఊళ్లలో మెకానిక్కులు బిగించే ఆంప్లిఫయర్ల బాస్-ట్రెబుల్ బోర్డుల్లో ఏళ్ల తరబడి ఉంటున్నది ఈ చిప్పే.

ఈ డబ్బాల వంశవృక్షంలో ఎంత వెనక్కి వెళ్లినా ఇదే వరస. వక్రీకరించిన గిటార్ శబ్దానికి పేరుపడ్డ మొదటి పెడల్ మేస్ట్రో ఫజ్-టోన్. దాని మూలం ఒక చెడిపోయిన పరికరం. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతిని, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటార్ బొంగురుగా బుసలు కొడుతూ వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో ఆ పాట పెద్ద హిట్టు. ఆ శబ్దం ఇతరులూ కోరుకుంటారని సౌండ్ ఇంజనీరు గ్లెన్ స్నాడీ గ్రహించాడు. రేవిస్ హాబ్స్‌తో కలిసి దాన్ని ట్రాన్సిస్టర్లతో పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని అమ్మకానికి పెట్టింది. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక దుకాణాల్లో సరుకు ఖాళీ అయింది.

అదే ఏడాది లండన్‌లో గ్యారీ హర్స్ట్ మేస్ట్రో సర్క్యూట్ ఆధారంగా టోన్ బెండర్ చేశాడు. మూడు వోల్టుల మీద నడిచేదాన్ని తొమ్మిది వోల్టులకు మార్చాడు, స్వరం సాగే నిడివి పెంచాడు. రెండు ట్రాన్సిస్టర్లతో వచ్చిన టోన్ బెండర్‌కూ, 1966లో ఆర్బిటర్ కంపెనీ గుండ్రటి డబ్బాలో పెట్టి అమ్మిన ఫజ్ ఫేస్‌కూ సర్క్యూట్‌లో దాదాపు తేడా లేదు. ఫజ్ ఫేస్ లోపల ఉన్న విడిభాగాలు మొత్తం పదకొండు: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు. జిమీ హెండ్రిక్స్ చేతిలో ఆ పదకొండూ చేసిన పని సంగీత చరిత్రలో నిలిచిపోయింది. నాష్‌విల్ సర్క్యూట్‌ను లండన్‌లో ఎవరూ ముట్టుకోకూడదని ఆ రోజు గట్టిగా అడ్డుకుని ఉంటే, మనకు తెలిసిన హెండ్రిక్స్ శబ్దం ఉండేది కాదు. ఓడీ-1కూ ట్యూబ్ స్క్రీమర్‌కూ ఉన్న పోలికను కూడా ఇందులోనే కలిపి చూడాలి. ఇవాళ మనం అసలు అని చేతులు జోడించే ప్రతిదీ తన ముందుదాని మీద నిలబడ్డదే.

చట్టం ఏమంటుంది? నిజంగా కొత్త సర్క్యూట్ అయితే పేటెంట్ తీసుకోవచ్చు. గడువు దరఖాస్తు వేసిన నాటినుంచి 20 ఏళ్లు. పెడల్ సర్క్యూట్లలో చాలావరకు పాఠ్యపుస్తకాల్లోని అమరికలకు మార్పులూ చేర్పులే కాబట్టి, పేటెంట్‌కు కావలసినంత కొత్తదనం వాటిలో చూపించడం కష్టం. చిన్న వర్క్‌షాప్ నడిపేవాడికి ఆ ఖర్చు భరించడం ఇంకా కష్టం. కాపీరైట్ సర్క్యూట్ పనితీరును కాపాడదు. ఆడియో మిక్సర్ విషయంలో బెరింజర్ మీద మాకీ కంపెనీ వేసిన దావాలో 1999లో సియాటిల్ ఫెడరల్ కోర్టు, సర్క్యూట్ బోర్డులకు కాపీరైట్ వర్తించదంటూ ఆ ఆరోపణలు కొట్టేసింది. మన దేశంలో 2000 నాటి చట్టం ఒకటి సెమీకండక్టర్ చిప్ లోపలి లేఅవుట్‌కు పదేళ్ల రక్షణ ఇస్తుంది, విడిభాగాలు అతికించిన బోర్డుకు కాదు. పేరు, రూపం మాత్రం వేరే సంగతి. ట్రేడ్‌మార్క్‌ను రెన్యూ చేసుకుంటూ పోతే అంతులేదు. తన బాస్ పెడల్స్ ఆకారాన్నీ రంగుల్నీ అనుకరించారని 2005లో రోలాండ్ బెరింజర్ మీద దావా వేసింది. బెరింజర్ డబ్బా రూపం మార్చింది. 2006లో ఇద్దరూ రాజీపడ్డారు. లోపలి సర్క్యూట్ల ఊసు ఆ గొడవలో లేదు. డిజిటల్ పెడల్స్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు మాత్రం కాపీరైట్ ఉంటుంది. ఆ బలంతోనే ఎలక్ట్రో-హార్మోనిక్స్ చైనా కంపెనీ మూయర్ మీద ఆ దేశంలోనే కేసు నడిపి గెలిచింది.

ఈ గీతలన్నీ ఒకచోట కలిసే పెడల్ క్లాన్ సెంటార్. మసాచుసెట్స్‌కు చెందిన బిల్ ఫినెగన్ కొన్నేళ్లు పనిచేసి 1994లో దాన్ని బయటపెట్టాడు. 2009 వరకు సుమారు 8,000 తయారయ్యాయి. ఎక్కువభాగం అతనే స్వయంగా చేతులతో బిగించాడు. సర్క్యూట్ నిజంగా తెలివైనది. తొమ్మిది వోల్టుల బ్యాటరీని లోపలే ఒక చిప్ పద్ధెనిమిదికి పెంచుతుంది. దానివల్ల సిగ్నల్ డయోడ్లను చేరేలోగా ఆప్-ఆంప్‌లోనే నలిగిపోకుండా నిలుస్తుంది. డయోడ్లు జర్మేనియంవి, సిలికాన్ కన్నా తక్కువ వోల్టేజి దగ్గరే తెరుచుకుంటాయి. అన్నిటికన్నా గొప్ప ఆలోచన గెయిన్ నాబ్‌లో ఉంది. అది ఒకే ఇరుసు మీద రెండు పొటెన్షియోమీటర్లు. తిప్పుతుంటే ఒకటి వక్రీకరణను పెంచుతుంది, రెండోది దానితో కలిసే శుభ్రమైన సిగ్నల్ పాలును మారుస్తుంది. వాయించేవాడికి తన గిటార్, తన ఆంప్లిఫయర్ మారిపోలేదనీ, నిండుగా మాత్రం అయ్యాయనీ అనిపిస్తుంది.

ఎవరూ నకలు చేయకూడదని ఫినెగన్ బోర్డు మీద గట్టి ఎపాక్సీ పోసి మూసేశాడు. లోపలున్నవేవీ కనిపించవు. ఎపాక్సీని ఓపిగ్గా తొలిచినవాళ్లు చివరికి సర్క్యూట్ బయటపెట్టారు. ఆ తరవాత నకళ్లు వెల్లువెత్తాయి. చివరి రోజుల్లో 329 డాలర్లకు అమ్మిన డబ్బా ఇప్పుడు పాతసామాను బజారులో వేల డాలర్లు పలుకుతోంది. ఆ లాభంలో ఫినెగన్‌కు పైసా రాదు. 2012లో అదే సర్క్యూట్‌ను చిన్న డబ్బాలో వేరే చోట తయారుచేయించి అమ్మినప్పుడు, ఈ అతిప్రచారం తాను చేసింది కాదనే అర్థం వచ్చే మాట ఆ డబ్బా మీదే అచ్చువేయించాడు.

ఎపాక్సీ పోయడాన్ని నేను సమర్థించలేను. కొన్నవాడు తన వస్తువును విప్పి చూడకుండా, పాడైతే బాగుచేయించుకోకుండా అది చేస్తుంది. అయినా ఆ పని చేసిన మనిషి స్థితి అర్థమవుతుంది. చట్టం అతనికి ఒక్కరోజు గడువు కూడా ఇవ్వలేదు. చేతిలో ఉన్నది ఎపాక్సీ డబ్బా ఒకటే.

2024లో బెరింజర్ సెంటార్ ఓవర్‌డ్రైవ్ అనే పెడల్ తెచ్చింది. అదే పేరు, బంగారు రంగు, మీద గుర్రపు మనిషి బొమ్మ. ధర సుమారు 70 డాలర్లు. ఫినెగన్ మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. దావా పేరు గురించి, రూపం గురించి, ఇది అసలు సెంటార్‌తో సంబంధమున్నదని కొనేవాళ్లు పొరబడటం గురించి. తరవాత బెరింజర్ పేరును సెంటారాగా మార్చింది. ఈ వ్యవహారంలో నేను పూర్తిగా ఫినెగన్ వైపే. సర్క్యూట్ బయటపడి అప్పటికి పదిహేనేళ్లు దాటింది, చిన్నాపెద్దా కంపెనీలెన్నో తమ తమ పేర్లతో దాన్ని చేస్తున్నాయి, వాటితో ఎవరికీ పేచీ లేదు. పేరూ బొమ్మా కూడా తీసుకోవడమంటే ఒక మనిషి నిజాయితీగా పనిచేసి సంపాదించుకున్న నమ్మకాన్ని తీసుకోవడం. కొనేవాణ్ణి మోసగించేదీ అదే.

హైదరాబాద్ నివాసిగా నాకు ఇక్కడ మందుల పరిశ్రమ గుర్తుకొస్తుంది. 1970 పేటెంట్ చట్టం మన దేశంలో మందు అణువుకు కాక, తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. అణువు ఒకటే అయినా దాన్ని చేసే దారి వేరైతే తప్పు లేదు. బాలానగర్ ఐడీపీఎల్ కర్మాగారంలో పని నేర్చిన రసాయన శాస్త్రవేత్తలు ఆ వెసులుబాటుతో ఒక పరిశ్రమనే నిర్మించారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. 2005లో అణువుకూ పేటెంట్ వచ్చింది. ఇప్పుడు గడువు తీరేదాకా ఆగాలి, తరవాత ఎవరైనా చేయొచ్చు, సొంత పేరుతో. చవక మందు తయారుచేసినవాణ్ణి మనం దొంగ అనలేదు. ప్రాణాలు నిలిపే మందుకూ గిటార్ పెట్టెకూ అవసరంలో సాటి లేదు, ఆ సంగతి తెలుసు. కానీ అక్కడ ఒక ఒప్పందం ఉంది: కనిపెట్టినవాడికి కొన్నేళ్లు, ఆ తరవాత లోకానికి. పెడల్ రంగంలో మొదటి సగం లేదు. ఆ లోటు తయారీదారుల, కొనుగోలుదారుల మనస్సాక్షి తీర్చాలి.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. ట్యూబ్ స్క్రీమర్ వచ్చి నలభై ఐదేళ్లు దాటింది. దాని సర్క్యూట్‌ను ఎవరు ఎంత చవగ్గా చేసినా నాకు అభ్యంతరం లేదు. వేల రూపాయలు పెట్టలేని కుర్రాడు ఆ శబ్దంతో సాధన చేయగలగడం మంచి విషయం. నిరుడో మొన్నో ఒక చిన్న వర్క్‌షాప్ కొత్తగా రూపొందించిన పెడల్‌ను పెద్ద ఫ్యాక్టరీ విప్పి, ఏడాది తిరక్కుండా పదోవంతు ధరకు వదిలితే అది అన్యాయం, ఏ కోర్టూ తప్పుపట్టకపోయినా. చిన్న తయారీదారు రెసిస్టర్లు మార్చి విన్న నెలల ఖర్చు అతను అమ్మే మొదటి కొన్ని వందల డబ్బాల మీదే రాబట్టుకోవాలి. ఆ కొన్ని వందలూ దక్కకుండా చేస్తే, తరవాతి పెడల్ కోసం వినే చెవి ఉండదు. ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్‌నే లోపల పెట్టి, తన సొంత రహస్యమని చెప్పి మూడింతల ధరకు అమ్మేవాడిని కూడా నేను క్షమించలేను. టీఓ800 పేరులోనే దాని పుట్టుక తెలుస్తోంది. మూలం దాచినవాడి కన్నా ఆ ప్లాస్టిక్ డబ్బా నిజాయితీగా ఉంది.

చవక అంతా కాపీ కొట్టడం వల్లే వస్తుందనే మాట కూడా లెక్కకు నిలవదు. లోపలి చిప్, డయోడ్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు ఎవరు కొన్నా తక్కువ ఖర్చే. డబ్బా, కాలి స్విచ్, జాక్‌లు, నాబ్‌లు, వాటిని బిగించే చేతులు, ఇవే ఖర్చు. చవక పెడల్‌లో యంత్రమే బియ్యపుగింజకన్నా చిన్న విడిభాగాలను బోర్డు మీద అతికిస్తుంది, డబ్బా ప్లాస్టిక్, కార్మికుల జీతం తక్కువ, తయారయ్యేవి వేలల్లో. సర్క్యూట్‌కు రాయల్టీ కట్టినా ధర పెద్దగా పెరగదు. ఆ జీతాల సంగతి, పాడైతే బాగుచేయడానికి వీల్లేక చెత్తలోకి పోయే బోర్డుల సంగతి సర్క్యూట్ ఎవరిదన్న వాదనలో ఎవరికీ పట్టడం లేదు. నాకు అవి ఇంకా పెద్ద ప్రశ్నలనిపిస్తాయి.

చివరగా ఒక చిప్ గురించి చెప్పాలి. కోరస్, అనలాగ్ డిలే పెడల్స్‌లో శబ్దాన్ని ఆలస్యం చేసే చిప్‌ను బకెట్ బ్రిగేడ్ అంటారు. సిగ్నల్‌ను చిన్న చిన్న విద్యుదావేశాలుగా విడగొట్టి, ఒక కెపాసిటర్ నుంచి పక్కదానికి అందిస్తూ పోతుంది. ఫిలిప్స్ పరిశోధకులు శాంగ్‌స్టర్, టీర్ 1969లో ఈ ఏర్పాటు కనిపెట్టారు. 1976 నాటి బాస్ సీఈ-1 మొదలుకొని ఎన్నో పెడల్స్‌లో ఉన్నవి జపాన్‌లో మాత్సుషితా చేసిన చిప్‌లు. డిజిటల్ చవకయ్యాక మాత్సుషితా వాటి తయారీ ఆపేసింది. చిప్ పోయిన పాత కోరస్ పెడల్స్‌కు మందు లేకుండా పోయింది. ఆ లోటు పూడ్చిన కంపెనీల్లో కూల్‌ఆడియో ఒకటి. మాత్సుషితా ఎంఎన్3207కు నకలుగా వీ3207 చేసింది. కాళ్ల అమరిక అదే, పాతదాన్ని ఊడదీసి ఆ చోట దీన్ని పెట్టొచ్చు. కూల్‌ఆడియో, బెరింజర్ రెండూ ఒకే గ్రూపు సంస్థలు. చవక నకళ్లను తిట్టే చిన్న తయారీదారుల అనలాగ్ కోరస్ పెడల్స్ విప్పి చూస్తే, చాలావాటిలో టంకం వేసి ఉండేది ఈ చిప్పే.